పెట్రోలు వాసన వస్తే మంచిదేనట!

ద్రాక్షతోటల్లో వైన్ రుచి చూపించేవాళ్లు ముందుగా నేర్పే విద్య ఉమ్మడం. నోట్లో పోసుకుని, అటూ ఇటూ తిప్పి, పక్కనున్న పాత్రలో ఉమ్మేయాలి. కారు నడిపేది నేనే కాబట్టి ఆ పని శ్రద్ధగా చేశాను. మావారికి మాత్రం పారబోయడానికి మనసొప్పలేదు. దాంతో మధ్యాహ్నానికల్లా ఆయన పండితులైపోయారు.

ద్రాక్ష వరసల చివర గులాబీ మొక్కలున్నాయి. బూడిద తెగులు ముందుగా వాటి మీద కనిపిస్తే ద్రాక్షకు జాగ్రత్త పడొచ్చని వెనకటి నుంచీ నాటుతున్నారని గైడ్ చెప్పాడు. మావారు అదే విషయం నాకు మళ్లీ చెప్పారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను మరి. గ్లాసు తిప్పి, లోపల గోడ మీద జారుతున్న చారలు చూపిస్తూ, "చూశావా క్వాలిటీ!" అన్నారు. అది క్వాలిటీ కాదు, ఆల్కహాలు ఆవిరయ్యేటప్పుడు పడే చారలని గైడ్ నెమ్మదిగా అన్నాడు. ఆ ముక్క ఆయనకు వినపడలేదు.

అసలు గొడవ రీస్లింగ్ దగ్గర మొదలైంది. తెల్లద్రాక్షతో చేసే వైన్ అది. ఏళ్ల తరబడి సీసాలో ఉన్న సరుకు పోశారు. మావారు గ్లాసులో ముక్కు పెట్టి, "పెట్రోలు వాసన కొడుతోందేంటయ్యా?" అన్నారు గట్టిగా. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. గైడ్ మొహం మాత్రం వెలిగిపోయింది.

"భలే పట్టారు సార్! అది టీడీఎన్ అనే పదార్థం వాసన. ద్రాక్షకు ఎండ ఎక్కువ తగిలినా, సీసాకు వయసు మీద పడినా పెరుగుతుంది."

ఇంతవరకూ ఎవరూ మెచ్చుకోని ముక్కుకు ఒక్కసారిగా యోగం పట్టింది. వెంటనే రెండు సీసాలు కొని డిక్కీలో పెట్టించారు.

కాస్త దూరం వెళ్లామో లేదో, కారులో గుప్పుమంది.

"ఏమండీ, పెట్రోలు వాసన వస్తోంది."

"భేష్! ఇప్పటికి నీకూ ముక్కు కుదిరింది."

"సీసాలకు మూత ఉంది కదండీ!"

"మంచి సరుకు మూతకు లొంగదు," అన్నారు కళ్లు మూసుకుని, గాలి పీలుస్తూ. పైగా ఇంకా లోతుగా వెళ్తే నిమ్మ, తేనె కూడా తగులుతున్నాయట. పెట్రోలు ముల్లు మాత్రం కళ్లముందే దిగిపోతోంది. సీసా పగిలిందేమో చూద్దామని ఆపితే, సీసాలు రెండూ నిక్షేపంగా ఉన్నాయి. కారు కిందే బొట్లు బొట్లుగా కారుతోంది. ఆయన వేలు తడిపి నాలిక దాకా తీసుకెళ్లారు. చెయ్యి పట్టుకుని ఆపాను. ఇంజిన్ ఆపేసి, ఎండలో దూరంగా నిలబడి మెకానిక్‌ కోసం ఎదురుచూశాం.

అతను వచ్చి, కింద దూరి చూసి, పగిలిన రబ్బరు పైపు ముక్క తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"ఇది ఎందుకిలా అయిందయ్యా?" అన్నాను.

"ఏముంది మేడమ్, వేడికి తోడు వయసు. పాతబడితే రబ్బరు ఇలాగే బీటలు తీస్తుంది."

మావారు నా వైపు గర్వంగా చూశారు.

"గైడ్ చెప్పిందీ అదేగా!"