మొదటి పరీక్ష భర్తకే జరగాలి

గేదె ఎదకు వచ్చిందంటే పాలమూరు రైతు ఆ పూటే పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్రకు ఫోను చేస్తాడు. అదను తప్పితే సూది వేయించినా చూడి కట్టదని ఆయనకు తెలుసు. అదే ఇంట్లో పెళ్లయి నాలుగేళ్లయినా పిల్లలు లేకపోతే వైద్యం మాట ఎత్తరు. ఎత్తినా ఆసుపత్రికి బయలుదేరేది కోడలు ఒక్కతే.

మనుషులకు చేసే కృత్రిమ గర్భధారణను వైద్యులు ఐయూఐ అంటారు. భర్త వీర్యాన్ని ల్యాబులో శుభ్రపరచి, చురుకైన కణాలను సన్నని గొట్టంతో గర్భసంచిలోకి పంపుతారు. మత్తు అక్కర్లేదు, కొన్ని నిమిషాల పని. ఆపైన అండంతో కలయిక ఫాలోపియన్ నాళంలో సహజంగానే జరగాలి. అందుకే రెండు నాళాలూ మూసుకుపోయినా, వీర్యకణాలు మరీ తక్కువగా ఉన్నా ఈ చికిత్స పనికిరాదు. సంతానం లేని జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు లోపమూ ఉంటుంది. వీర్య పరీక్షకు నొప్పి లేదు, ఖర్చూ తక్కువే. అయినా ముందు నాళాల పరీక్ష నొప్పి భరించేది ఆమె. గొడ్రాలు అన్న నిందా ఆమెకే. ఇది అన్యాయం మాత్రమే కాదు, డబ్బూ కాలమూ వృథా.

అసలు కష్టం అదనుతోనే. విడుదలైన అండం బతికేది ఒక్క రోజు. అందుకే అండం పెరగడానికి మాత్రలు ఇచ్చి, రెండు మూడు రోజులకోసారి స్కాన్ తీస్తారు. అండం తిత్తి సుమారు 18 మిల్లీమీటర్లకు పెరిగాక అండం విడుదలయ్యేందుకు సూది వేసి, 36 గంటలకు అటూఇటూగా ఐయూఐ చేస్తారు. దేవరకొండ, అచ్చంపేట తండాల నుంచి నెలలో నాలుగైదుసార్లు హైదరాబాద్ వెళ్లి రావాలంటే ఎన్ని రోజుల కూలి పోతుంది? భర్త ముంబయిలోనో పుణెలోనో కూలి పనిలో ఉంటే సరిగ్గా ఆ రోజుకు ఎలా రాగలడు? పైగా ఒక విడతలో గర్భం నిలిచే అవకాశం సాధారణంగా 10 నుంచి 20 శాతమే. మూడు నాలుగు విడతలు పట్టవచ్చని ముందే చెప్పకపోతే మొదటిసారికే గుండె చెదిరి మానేస్తారు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ బోధనాసుపత్రుల్లోనే ఈ స్కాన్లు, ఐయూఐ పూర్తి స్థాయిలో అందాలని నేను గట్టిగా కోరుతున్నాను.

‘లోపలికి పంపేది ఎవరిదో’ అన్న అనుమానం కూడా చాలామంది మగవారిని వెనక్కి లాగుతోంది. సంతాన సాఫల్య చికిత్సలపై 2021లో వచ్చిన చట్టం ప్రకారం చికిత్స చేసే కేంద్రానికి రిజిస్ట్రేషన్, దంపతుల లిఖితపూర్వక అంగీకారం తప్పనిసరి. ఆ అంగీకార పత్రం తెలుగులో ఉండాలి. సంతకానికి ముందు ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి చదివి వినిపించాలి.