శ్రీ సబ్‌స్టిట్యూషన్ గారి సముఖమునకు

మహారాజశ్రీ సబ్‌స్టిట్యూషన్ గారికి, తెలుగు మీడియంలో ప్రతిక్షేపణ అనబడు, ఇంటిగ్రేషన్ లెక్కల్లో ఒకదాన్ని ఇంకోటి 'అనుకొనుము' అనిపించి లెక్క తేల్చే తమరికి నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి. తమరి కుశలానికేం, నిన్న ఆదివారం మా డైనింగ్ టేబుల్ మీద కాలు మీద కాలేసుకుని కూర్చోవడం కళ్లారా చూశాను.

రూట్ టాన్ ఎక్స్‌ను ఇంటిగ్రేట్ చేయాలి. సీనియర్ ఇంటర్ ఎంపీసీ చదువుతున్న మా అన్నయ్య కూతురు గైడ్ తెచ్చి నా ముందు పెట్టింది. టాన్ ఎక్స్‌ను టీ స్క్వేర్ అనుకోమన్నారు. రూట్ పోవాలి కదా, అనుకున్నాం. డీఎక్స్ కాస్తా రెండు టీ డీటీ బై ఒకటి ప్లస్ టీ పవర్ ఫోర్ అయింది. ఇక్కడిదాకా తమరు పెద్దమనిషే. లవంలో రెండు టీ స్క్వేర్ తేలింది. ఆ తర్వాత గైడ్‌లో ఒకే ఒక్క లైను: దాన్ని టీ స్క్వేర్ ప్లస్ ఒకటి, టీ స్క్వేర్ మైనస్ ఒకటి అని రెండు ముక్కలు చేసి, పైనా కిందా టీ స్క్వేర్‌తో భాగించి, మొదటి ముక్కలో 'టీ మైనస్ ఒకటి బై టీ = యూ అనుకొనుము'. రెండో ముక్కలో ప్లస్ అట.

"ఇలా అనుకోవాలని ఎలా తడుతుంది బాబాయ్?" అంది.

చెప్పండి సార్, ఎలా తడుతుంది? అనుకున్నాక అంతా అతికినట్టు సరిపోతుంది, కాదన్నదెవరు? యూ డెరివేటివ్ పైన సిద్ధంగా ఉంది, కింద యూ స్క్వేర్ ప్లస్ రెండు. దొంగ దొరికాక ఏ కిటికీలోంచి దూరాడో ఎవడైనా చెబుతాడు. తాగడానికి పెట్టుకున్న టీ చల్లారింది, రాస్తున్న టీ మాత్రం సలసల కాగుతూనే ఉంది.

పైగా ఎంసెట్‌లో (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు లెండి) 160 ప్రశ్నలకు 180 నిమిషాలు. ఆ హడావిడిలో తమరు ఎవరికీ తట్టరు. ముందే బట్టీ పట్టినవాడికి మాత్రం గుర్తొస్తారు. దాన్నే మళ్లీ తెలివితేటలు అంటున్నాం!

సెక్ ఎక్స్ దగ్గర తమరు ఆడే నాటకం ఇంకా ఘోరం. 'లవహారాలను సెక్ ఎక్స్ ప్లస్ టాన్ ఎక్స్‌తో గుణించగా' అని రెండు లైన్లలో చేతులు దులిపేసుకుంటారు. ఓడల వాళ్ల మ్యాపుల కోసం 1599లో ఎడ్వర్డ్ రైట్ అనే ఆయన ఈ సెక్ విలువలన్నీ చేత్తో కూడి పట్టిక వేశాడు. 1640ల్లో హెన్రీ బాండ్ ఆ పట్టికను లాగ్ టాన్ పట్టిక పక్కన పెట్టి చూసి, రెండూ ఒకటేలా ఉన్నాయే అనుకున్నాడు. ఎందుకో ఆయనకీ తెలీదు. జేమ్స్ గ్రెగరీ నిరూపించేసరికి 1668 వచ్చింది. అంతంత బుర్రలు అన్నేళ్లు తడుముకున్న సంగతి మింగేసి, మా పిల్ల ముందు 'గుణించగా' అంటారా? ఆ పిల్లేమో తనకే బుర్ర లేదనుకుంటోంది. సిగ్గుండాలి.

జవాబు చివర ప్లస్ సి మర్చిపోతే కోసే మార్కు గురించి అడగను, అది మామూలే. ఈ పవర్ మైనస్ ఎక్స్ స్క్వేర్ ఎదురైతే తమరు తోక ముడిచే వైనమూ ఎత్తను.

అన్నట్టు, అదే పేజీలో కింద రూట్ టాన్ ఎక్స్ ప్లస్ రూట్ కాట్ ఎక్స్ ఉంది. ఒక్క రూట్‌కే పేజీ నిండింది, రెండు రూట్లకు నోట్‌బుక్కే చాలదని బెంగపెట్టుకున్నాం. తీరా చూస్తే సైన్ ఎక్స్ మైనస్ కాస్ ఎక్స్‌ను టీ అనుకుంటే చాలు, దాని డెరివేటివ్ సైన్ ప్లస్ కాస్ పైన కూర్చునే ఉంది, నాలుగు లైన్లలో సైన్ ఇన్‌వర్స్ వచ్చి పడింది. ఈసారి అది పట్టింది మా అమ్మాయే, గైడ్ చూడకుండా. కుర్చీలోంచి లేచి నిలబడింది. అంత అందం చేతిలో పెట్టుకుని మిగతా చోట్ల ఎందుకండీ ఈ దాపరికం?

'అనుకొనుము' అనే ముందు ఒక్క వాక్యం రాయించండి. పైన ఫలానాది కనబడుతోంది, అది కింద ఫలానా దాని డెరివేటివ్, అందుకని అని. తట్టక ముందు వేరేవి వేసి చూశాం, కుదరలేదు అని కూడా రాస్తే మరీ సంతోషం. సిరాకు కరువొచ్చిందా?

ఇట్లు,
ఒక బాబాయి

తా.క. వచ్చే వారం డెఫినిట్ ఇంటిగ్రల్స్ మొదలుపెడుతుందట. దయచేసి లిమిట్స్ మార్చుకునే రండి.