పొగ లేని ఊళ్లో పొగగొట్టాల తనిఖీ

తిరుపతి అభివృద్ధి గురించి ఎవరికి తోచింది వాళ్లు రాస్తున్నారు. పార్కింగ్ కావాలంటారు, కపిలతీర్థం రోడ్డులో ఆటోలు తగ్గాలంటారు, లీలామహల్ సర్కిల్ దాటాలంటే పుణ్యం చేసుకుని ఉండాలంటారు. అన్నీ నిజమే. అయినా అసలు లోటు ఎవరి కంటికీ ఆనలేదు. చిమ్నీలు శుభ్రం చేసి, తనిఖీ చేసి, బాగుందని రాసిచ్చే సంస్థ ఈ ఊళ్లో ఏ వీధిలో ఉందో చెప్పమనండి చూద్దాం. చదువుకున్న కుర్రాళ్లు ట్రావెల్స్, టిఫిన్ బండి, మొబైల్ కవర్ల కొట్టు అంటూ ఒకే గుంపులో పడి తోసుకుంటున్నారు తప్ప, ఒక్కడూ తల పైకెత్తి చూడటం లేదు.

మే నెలలో 40 డిగ్రీలు దాటే ఊళ్లో చలిమంట ఎవడు వేసుకుంటాడు, చిమ్నీలెక్కడివి అని బ్యాంకు మేనేజరు అడుగుతాడు. అడగనివ్వండి. ముద్ర రుణాల్లో శిశు అనే తరగతికి 50 వేల దాకా ఇస్తారు. గుండ్రటి బ్రష్షు, ఒకదానికొకటి బిగించే కడ్డీలు, పైపులోకి దించే చిన్న కెమెరా, కాస్టిక్ సోడా, నేల మీద పరవడానికి పాత దుప్పటి, అన్నీ అందులోనే వచ్చేస్తాయి. ఇక పేరంటారా, బాలాజీ అని పెడితే వీధికి నలుగురున్నారు, పెట్టకపోతే ఎవరూ నమ్మరు. పెట్టాల్సిందే.

ఈ వృత్తికి చరిత్ర తక్కువేమీ కాదు. లండన్‌లో గొట్టాలు సన్నగా ఉండి పెద్దవాళ్లు పట్టకపోతే పిల్లలను ఎక్కించేవాళ్లు. ఆ పని చేసినవాళ్లకు వృషణాల సంచికి వచ్చే క్యాన్సర్‌కు మసే కారణమని 1775లో పర్సివల్ పాట్ అనే సర్జన్ రాశాడు. ఫలానా పని చేస్తే ఫలానా క్యాన్సర్ వస్తుందని వైద్యం మొదటిసారి గుర్తించింది అక్కడే. ఎనిమిదేళ్లు నిండని పిల్లలను పెట్టుకోకూడదని 1788లో చట్టం చేశారు. చట్టం దారి చట్టానిదే, పిల్లల దారి గొట్టంలోకే. 1875లో పోలీసుల దగ్గర లైసెన్సు తీసుకుంటేనే పని అన్నాక గానీ అది ఆగలేదు. అంటే 87 ఏళ్ల పాటు చట్టం కాగితం మీద హాయిగా పడుకుంది. ఈ ఒక్క విషయంలో ఇంగ్లిషువాళ్లు మనకు దగ్గరి చుట్టాల్లా కనిపిస్తారు.

జర్మనీ పద్ధతి వేరు. అక్కడ మసి బట్టలతో చిమ్నీ పనివాడు ఎదురైతే అదృష్టమట, కొత్త సంవత్సరం కార్డుల మీద కూడా అతని బొమ్మ వేస్తారు. ఒక్కో ప్రాంతం ఒక్కొక్కరి చేతిలో ఉండేది, ఆ గుత్తాధిపత్యాన్ని 2013లో సడలించారు. మన దగ్గర పొద్దున్నే మసి మొహంతో, భుజాన చీపురుతో ఒకడు ఎదురొస్తే జనం ఇంట్లోకి వెనక్కెళ్లి, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరతారు. దీనికి మందు యూనిఫాంలో ఉంది. నల్ల చొక్కా, నల్ల పంచె. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా బేరమాడేవాడే ఉండడు, "సామీ, ముందు మజ్జిగ తాగండి" అంటారు. మిగతా నెలల సంగతి అప్పటికి చూసుకోవచ్చు.

నిజానికి ఒకప్పుడైతే ఈ కంపెనీకి చేతినిండా పని దొరికేది. కట్టెల పొయ్యి, మిద్దెకు పొగ పోయే గవాచి, మసి పట్టి నిగనిగలాడే దూలాలు. సంక్రాంతి ముందు బూజు దులిపి సున్నం కొట్టేవాళ్లు. తనిఖీ అత్తగారిది. ఫీజు లేదు, మాట మాత్రం పడాలి. 1999లో దీపం పథకంతో గ్యాస్ బండలొచ్చాయి, 2016లో ఉజ్వల వచ్చింది, 2024లో ఏడాదికి మూడు బండలు ఉచితమన్నారు. పొగ పోయింది. పొగ పోయాక ఇంటింటికీ పొగగొట్టం వచ్చింది.

ఎయిర్ బైపాస్ రోడ్డు పక్క కొత్త అపార్ట్‌మెంట్లలో ఏ ఇంటికైనా వెళ్లండి, పూజగది తర్వాత మీకు చూపించేది చిమ్నీనే. "పన్నెండొందల సక్షన్" అని ఇంటాయన బైకు సీసీ చెప్పినట్టు చెబుతాడు. గంటకు 1200 ఘనపు మీటర్ల గాలిని లాగుతుందని దానర్థం. ఆ లెక్కన అంత చిన్న వంటింట్లో గాలి మొత్తం నిమిషం పైచిలుకులో బయట ఉండాలి. ఉండదు, ఎందుకంటే స్విచ్చి వేయరు. వేస్తే సీరియల్లో అత్త ఏమందో వినబడదు. ఎండుమిర్చి తాలింపుకు ఇంటిల్లిపాదీ దగ్గుతారు, కిటికీ తెరుస్తారు, చిమ్నీ మాత్రం షోరూం స్టిక్కరు ఊడకుండా భద్రంగా ఉంటుంది. దాని నెత్తిన అప్పడాల డబ్బా, కిందటేటి పంచాంగం.

తనిఖీకి పోయిన కుర్రాడు మొదట లాగి చూడాల్సింది కింద ఉన్న నూనె కప్పు. ఆటో క్లీన్ అంటే లోపల హీటరు వేడెక్కి, అంటుకున్న నూనెను కరిగించి ఆ కప్పులోకి దించుతుంది. దాని చదువు అంతవరకే. కప్పు తీసి పారబోయడం మనుషుల పని, ఆ ముక్క అమ్మినవాడు చెప్పడు. అది ముదురు తేనె రంగులో అంచు దాకా నిండి, పైన బొద్దింక మీసం ఒకటి తేలుతూ ఉంటుంది. ఆ తర్వాత పైపు. ముడతల అల్యూమినియం పైపు మూడు వంపులు తిరిగి, అటక ఎక్కి, పాత మిక్సీ అట్టపెట్టె పక్కన ఆగిపోయి ఉంటుంది. గోడకు కన్నం పెడితే ఎలివేషన్ చెడుతుందని బిల్డరు ఒప్పుకోలేదట.

"అక్కా, పైపు బయటికి పోలేదు. పొగంతా మీ అటక మీదనే ఉండాది."

"లైటు వెలగతాండాది కదప్పా, ఇంకేం కావాల?"

కన్నం పెట్టిన ఇళ్లు ఉన్నాయి, లేవని కాదు. అక్కడ ఒకటో అంతస్తు వాళ్ల చేపల పులుసు శనివారం ఒంటిపొద్దు ఉన్న రెండో అంతస్తు వాళ్ల కిటికీలో తేలుతుంది. అపార్ట్‌మెంట్ వాట్సప్ గ్రూపులో ఆ రోజు వేరే మాట ఉండదు.

రేట్లు ఎలా పెట్టాలన్న టెన్షన్ అక్కర్లేదు. అమెరికాలో ఎన్‌ఎఫ్‌పీఏ 211 అనే అగ్నిభద్రతా ప్రమాణం ఉంది, చిమ్నీని ఏటా ఒకసారి చూడాలంటుంది, చూడటాన్ని మూడు స్థాయిలుగా విడదీస్తుంది. తిరుపతివాళ్లకు ఇది విప్పి చెప్పాల్సిన పనిలేదు. మొదటిది సర్వదర్శనం, కంటికి ఆనినంత చూసి కదలాలి. రెండోది 300 రూపాయల ప్రత్యేక ప్రవేశం, కెమెరా లోపలికి పోతుంది, అటక కూడా చూస్తారు. మూడోది వీఐపీ బ్రేక్, అనుమానం ఉన్నచోట గోడ నిజంగానే పగలగొడతారు. సిఫారసు లేఖ తెచ్చినవాళ్లకు పగలగొట్టకుండానే పగలగొట్టినట్టు రాసిచ్చే వెసులుబాటు మన శాఖ ప్రత్యేకం. ఇంకా బేరమాడితే "ఆగ్నేయంలో అడ్డుంది" అని గొంతు తగ్గించి చెప్పాలి. వంటిల్లు ఆగ్నేయంలో లేదని గోడలు కూలగొట్టి కట్టించుకున్న ఊరు మనది. శ్రీకాళహస్తి పక్కనే ఉంది, దోషమంటే డబ్బు తీస్తారు. మురికి అంటే "వచ్చే నెల చూద్దాం" అంటారు.

తనిఖీ మనకు తెలియనిదీ కాదు. కొండ మీద పోటులో వంటను వకుళమాత చూసుకుంటుందని నమ్మకం. ఆ తల్లి చూస్తుందనుకున్నవాడికి సర్టిఫికెట్ అక్కర్లేదు. కొండ దిగాక ఆ నమ్మకం పనిచేయదు, కాబట్టి కాగితం కావాలి. కాగితం ఎక్కువ అవసరమయ్యేది హోటళ్లకు.

ఇక్కడ నవ్వు కాస్త తగ్గించుకోవాలి. బస్టాండు, రైల్వే స్టేషను చుట్టుపక్కల హోటళ్లలో తెల్లారకముందే వెలిగించిన పొయ్యి అర్ధరాత్రి దాకా ఆరదు. పూరీల బాండలి నుంచి, నూడుల్స్ పెనం నుంచి లేచిన నూనె ఆవిరి డక్టులోకి, అంటే పొగను బయటికి తీసుకుపోయే రేకు గొట్టంలోకి పోతుంది, చల్లబడుతుంది, రేకుకు జిగటగా అంటుకుంటుంది. దాని మీద ఇంకో పొర, దాని మీద మరోటి. ఒకరోజు పెనంలో మంట జానెడు ఎక్కువ లేచి పొయ్యి పైనున్న హుడ్డును తాకితే చాలు, పొగను లాగడానికి పెట్టిన ఫ్యానే ఆ మంటను పైకి లాక్కుపోతుంది. కంగారులో బాండలిలో నీళ్లు పోస్తే మండే నూనె నలువైపులా చిమ్ముతుంది. డక్టు లోపల అంటుకున్నదాన్ని బయట నిలబడి ఆర్పడం మాటలు కాదు. పైన లాడ్జి గదుల్లో దర్శనం చేసుకొచ్చి అలసిపోయినవాళ్లు పడుకుని ఉంటారు. రోజంతా నడిచే వంటిళ్ల డక్టును మూడు నెలలకోసారి, కట్టెలూ బొగ్గులూ కాల్చేచోట నెలకోసారి తనిఖీ చేయాలని ఎన్‌ఎఫ్‌పీఏ 96 అనే మరో ప్రమాణం చెబుతుంది. మన ఆచారం ప్రకారం హోటలు చేతులు మారినప్పుడు చేస్తారు, అదీ కొత్త ఓనరు ఒత్తిడి చేస్తే.

కాబట్టి మన కుర్రాడు నల్ల చొక్కా వేసుకుని ఓనరు దగ్గరికి వెళతాడు. గల్లా మీద మూడు దేవుళ్ల పటాలు, పక్కన ఫ్రేము కట్టిన లైసెన్సులు, వాటి మీద పసుపు బొట్లు.

"ఒకరోజు వంటిల్లు మూస్తే చాలన్నా, మొత్తం గీకేస్తాం."

"బ్రహ్మోత్సవాలు వస్తాండాయి, ఇప్పుడెట్లా మూసేది సామీ?"

"అయినాక చేద్దాం."

"అయినాక మాలలేసుకున్న సాములు, ఆపైన వైకుంఠ ఏకాదశి, రథసప్తమి, ఎండాకాలం సెలవులు. ఈ ఊరికి ఖాళీ యాడుండాది?"

"రాత్రి పన్నెండు తర్వాత అయినా వస్తామన్నా."

"రాత్రి పన్నెండుకు రేపటి సాంబారుకు పప్పు ఉడకతాంటుంది." ఓనరు కాసేపు ఆలోచించి, ఫోను తీసి, గొంతు తగ్గిస్తాడు. "ఎల్లుండి ఎవరో చూసేదానికి వస్తారంట. వాట్సప్‌లో ఫొటో పెడితే సర్టిఫికెట్ ఇచ్చేస్తారా?"

"డక్టు లోపలి ఫొటోనా, బయటిదా అన్నా?"

"హోటలు బోర్డుది."

కుర్రాడు బేరం కుదుర్చుకుంటాడు. మూడో స్థాయి రేటు, లామినేషన్ ఉచితం. కెమెరా, కడ్డీలు సంచిలోనే ఉన్నాయి, బ్రష్షుకు ఇంకా ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. కాఫీ కూడా వచ్చింది. రసీదు రాస్తుంటే ఓనరు ముందుకు వంగి చూస్తాడు.

"తేదీ మాత్రం వేయొద్దు సామీ. అది మేము వేసుకుంటాం."