రైను దాటేదాకా ఓడ మల్లయ్యే

నదీతీరపు ఊళ్ళు పొత్తు పెట్టుకుని పర్యాటకులను రప్పించాలంటే, ముందు తమ మధ్య ఉమ్మడిగా ఏదీ మిగలకుండా చూసుకోవాలి. ఈ విద్య నేర్చుకోవడానికి జర్మనీలోని మధ్య రైన్ లోయను మించిన బడి లేదు. బింగెన్, ర్యూడెస్‌హైమ్‌ల దగ్గర మొదలై కోబ్లెంజ్ దాకా సాగే ఈ 65 కిలోమీటర్ల లోయను యునెస్కో 2002లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఎడమ ఒడ్డు మొత్తం రైన్‌లాండ్-ఫాల్జ్ రాష్ట్రానిది. కుడి ఒడ్డు లోర్ఖ్ దాకా హెస్సెన్‌ది, అక్కడి నుంచి మళ్ళీ రైన్‌లాండ్-ఫాల్జ్‌దే. రెండు రాష్ట్రాలు, జిల్లాలు, ఊళ్ళు కలిసి 2005లో ఉమ్మడి సంఘం కట్టుకున్నాయి. సభ్యులంతా ఒక్క మాట మీద ఉన్నారు. చిక్కల్లా ఆ మాట చెప్పుకోవడానికి అవతలి ఒడ్డుకు వెళ్ళడంలోనే.

వీస్‌బాడెన్ దగ్గరి షీర్‌స్టైన్ వంతెన దాటితే కోబ్లెంజ్ దాకా, 80 కిలోమీటర్లకు పైగా, రైన్ మీద వంతెన లేదు. బింగెన్ దగ్గర ఒక రైలు వంతెన ఉండేది. 1945లో పేల్చేశారు, మళ్ళీ కట్టలేదు. శిథిలాలు మాత్రం భద్రంగా ఉన్నాయి. ఈ లోయలో శిథిలానికి ఉన్న గిరాకీ వంతెనకు ఎక్కడిది!

కొత్త వంతెన మాట లేకపోలేదు. సాంక్ట్ గోవార్, సాంక్ట్ గోవార్స్‌హౌజెన్ ఎదురెదురు ఊళ్ళు. వాటి దగ్గర కట్టాలని దశాబ్దాలుగా అనుకుంటున్నారు. వారసత్వ హోదా పోతుందేమోనన్న భయం ఒకటి. ఆ భయం ఉత్తది కాదు: ఎల్బే నది మీద వంతెన కట్టినందుకు డ్రెస్డెన్ లోయ పేరును 2009లో జాబితాలోంచి కొట్టేశారు. అయితే రైన్ విషయంలో 2010లో వారసత్వ కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. 2011లో రైన్‌లాండ్-ఫాల్జ్ రాజధాని మైన్జ్‌లో ప్రభుత్వం మారి పథకాన్ని పక్కన పెట్టింది. అడ్డుపడాల్సినవాడు సరేనన్నాక, అడిగినవాడే వద్దన్నాడన్నమాట. తర్వాత ఫైలు మళ్ళీ తెరిచారు. పొత్తు సాగాలంటే తెరిచిన ఫైలు ఒకటి ఎప్పుడూ ఉండాలి.

ఈలోగా ఓడే దిక్కు. బింగెన్-ర్యూడెస్‌హైమ్, నీడర్‌హైమ్‌బాఖ్-లోర్ఖ్, కౌబ్ ఎదుటి రేవు, రెండు గోవార్ ఊళ్ళు, బొప్పార్డ్-ఫిల్జెన్: కారు ఎక్కించుకునే ఓడలు ఈ రేవుల్లో తిరుగుతాయి. టికెట్లు వేరు, వేళలు వేరు. రాత్రి చివరి ఓడ తప్పిపోతే, సాంక్ట్ గోవార్‌లో బస చేసి అవతలి ఒడ్డున భోంచేసినవాడు కోబ్లెంజ్ చుట్టి రావాలి: రానూపోనూ 60 కిలోమీటర్లకు పైనే. హోటల్ దీపాలు కళ్ళెదుటే వెలుగుతుంటాయి. మనవాళ్ళు ‘ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య’ అంటారు. ఇక్కడ తిరిగి రావాలి గనక ఓడ మల్లయ్యకు ఆ అవమానం ఎప్పటికీ జరగదు.

ఓడకూ ఒక యజమాని ఉన్నాడు, కౌబ్ దగ్గర నీటిమట్టం కొలిచే గేజీ. దీన్ని తప్పుగా చదివేవాళ్ళే ఎక్కువ. గేజీ మీద అంకె నీటి లోతు కాదు. అక్కడ ఓడదారి లోతు గేజీ అంకె కంటే సుమారు 1.12 మీటర్లు ఎక్కువ. 2018 అక్టోబరులో గేజీ 25 సెంటీమీటర్లకు దిగింది. అంటే ఓడదారిలో నీళ్ళు 1.37 మీటర్లే. 78 సెంటీమీటర్ల దగ్గర 1.90 మీటర్ల లోతు ఉంటుందని లెక్క. అంతదాకా రాకముందే, గేజీ సుమారు 1.50 మీటర్లకంటే దిగితేనే, సరుకు ఓడలు బరువు తగ్గించుకోవాలి. వరదొచ్చి 6.40 మీటర్లు తాకితే రాకపోకలు మొత్తం బంద్. మధ్యలో ఉన్న నీళ్ళే పర్యాటక శాఖ వాళ్ళ నీళ్ళు.

ఇక రైలు. రెండు ఒడ్డులకూ చెరొక లైను, రాత్రంతా గూడ్సు బండ్ల మోత ఉచితం. ఎడమ ఒడ్డున బాఖరాఖ్ నుంచి పక్కనున్న ఓబర్‌వేజెల్‌కు వెళ్తే ఒక రవాణా సంస్థ టికెట్టు హద్దు దాటి ఇంకోదాంట్లో పడతాం. కుడి ఒడ్డున లోర్ఖ్ నుంచి కౌబ్‌కు వెళ్ళినా అదే గతి, కాకపోతే అక్కడ మనం బయల్దేరేది మూడో సంస్థ హద్దులోంచి. నడిచిపోదామంటే దారులూ రెండు: కుడివైపు రైన్‌స్టైగ్, ఎడమవైపు రైన్‌బుర్గెన్‌వేగ్. గుర్తులు వేరు.

లోర్ఖ్-కౌబ్‌లకు హద్దుల చిక్కు కొత్తదేమీ కాదు. మొదటి ప్రపంచయుద్ధం అయ్యాక కోబ్లెంజ్ నుంచి అమెరికన్లు, మైన్జ్ నుంచి ఫ్రెంచివాళ్ళు 30 కిలోమీటర్ల వ్యాసార్థంతో చెరొక ఆక్రమణ వలయం గీశారు. వలయాలు ఒకదానికొకటి తగల్లేదు. మధ్యలో సీసా మెడలా మిగిలిన పట్టీలో లోర్ఖ్, కౌబ్ చిక్కుకుని 1919 నుంచి 1923 దాకా ఎవరికీ కాకుండా పోయాయి. రైళ్ళు ఆగేవి కావు, సరుకు దొంగదారుల్లో వచ్చేది, సొంత నోట్లు అచ్చేసుకున్నారు. ఆ ‘సీసామెడ స్వతంత్ర రాజ్యం’ పేరు మీద ఇప్పుడు వైన్ అమ్ముతారు, సరదా పాస్‌పోర్టులు ఇస్తారు. కంపాసుతో జరిగిన పొరపాటు కూడా ఇక్కడ సరుకే.

అసలు ఈ లోయ అమ్ముకునేది వైరాన్నే. కాంప్-బోర్న్‌హోఫెన్ మీద ‘శత్రు సోదరులు’ అనే రెండు కోటలున్నాయి, మధ్యలో తగువు గోడ కూడా ఉంది. ఎగువన ‘పిల్లి’ కోట, ‘ఎలుక’ కోట 14వ శతాబ్దం నుంచి ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి. కౌబ్ ఎదుట నదిలో నిలబడ్డ ఫాల్జ్‌గ్రాఫెన్‌స్టైన్ ఓడల దగ్గర సుంకం గుంజడానికే పుట్టింది. వీళ్ళంతా సఖ్యంగా ఉండి ఉంటే కరపత్రంలో వేయడానికి ద్రాక్షగుత్తులు తప్ప బొమ్మ దొరికేది కాదు.

2029లో జాతీయ ఉద్యాన ప్రదర్శన ఈ లోయకే రాబోతోంది. మొదట 2031 అనుకున్నారు, తర్వాత రెండేళ్ళు ముందుకు జరిపారు. వేసవి మొత్తం పూలు ఇటూ ఉంటాయి, అటూ ఉంటాయి, మధ్యలో ఓడ ఉంటుంది. అప్పుడు గేజీ 78 కంటే కిందికి దిగకూడదని ముందే తీర్మానం చేసుకోవడం మంచిది. ఆ తీర్మానం పెట్టాల్సింది ఎడమ ఒడ్డా, కుడి ఒడ్డా అన్నది మాత్రం తేలాలి. నది కేంద్ర ప్రభుత్వానిది.