నా ఓటు అడగడానికి ఎవరూ రాలేదు

2024 అక్టోబరులో అమెరికా పౌరురాలిగా మొదటిసారి ఓటు వేశాను. డాలస్ పక్కన మా ఊరి లైబ్రరీలో ముందస్తు పోలింగ్ పెట్టారు. నలభై నిమిషాలు లైన్లో నిలబడి ఓటు వేసి, బయటికొచ్చి, వాళ్లిచ్చిన స్టిక్కరు అంటించుకుని ఫొటో తీసి తెనాలిలో ఉన్న నాన్నకి పంపాను. నాన్న రిటైర్డ్ టీచరు. బ్యాలెట్ పెట్టెల కాలం నుంచి ఈవీఎంలు వచ్చేదాకా ఎన్నోసార్లు ఎలక్షన్ డ్యూటీ చేసిన మనిషి. వెంటనే ఫోన్ చేసి అడిగిన మొదటి మాట: "మీ ఇంటికి ఏ పార్టీ వాళ్లు వచ్చారమ్మా?"

"ఎవరూ రాలేదు నాన్నా."

"ఒక్కరు కూడానా? ఇక్కడ వార్డు మెంబరు ఎన్నికకే మూడుసార్లు గుమ్మంలోకి వచ్చి దణ్ణం పెట్టి వెళ్తారు. ప్రెసిడెంటు ఎన్నికకి ఒక్కరూ రాలేదా?"

ఆ రోజు ఏదో సర్దిచెప్పి ఫోన్ పెట్టేశాను. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. పదహారేళ్లు వీసాలతో, గ్రీన్ కార్డు లైనుతో గడిపి, చివరికి చెయ్యెత్తి ప్రమాణం చేసి సంపాదించుకున్న ఓటు ఇది. అది అడగడానికి ఎవరూ ఎందుకు రాలేదో నాకు తెలిసినంతవరకు ఇక్కడ రాస్తున్నాను.

మా బాబాయి కూతురు జార్జియాలో, అట్లాంటా పైన కమింగ్‌లో ఉంటుంది. అదే నెలలో దాని పరిస్థితి నాకు పూర్తిగా ఎదురు. "అక్కా, ఇవాళ కూడా ఇద్దరు వచ్చారు. ఒకమ్మాయి తెలుగులోనే మాట్లాడింది. ఫోన్ సైలెంట్‌లో పెట్టుకోకపోతే ఆఫీసు పని జరగట్లేదు" అని వాపోయేది. యూట్యూబ్ తెరిస్తే ప్రచార యాడ్, పోస్టు డబ్బా తెరిస్తే కరపత్రాలు. మేమిద్దరం ఒకే ఊరి పిల్లలం, ఒకే రకం ఉద్యోగం, ఇంచుమించు ఒకే వయసు. అదుండేది జార్జియా, నేనుండేది టెక్సాస్. తేడా అంతే.

ఇక్కడ ప్రెసిడెంటును దేశం మొత్తం ఓట్లు కలిపి లెక్కపెట్టి ఎన్నుకోరు. రాష్ట్రాలకి పంచిన ఎలక్టోరల్ ఓట్లు మొత్తం 538 ఉంటాయి, 270 వచ్చినవాళ్లు గెలుస్తారు. ఇది చాలామందికి తెలుసు. అసలు ముడి ఆ తర్వాత ఉంది. 48 రాష్ట్రాల్లో, వాషింగ్టన్ డీసీలో ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాళ్లకే ఆ రాష్ట్రపు ఎలక్టోరల్ ఓట్లన్నీ వెళ్లిపోతాయి. మేన్, నెబ్రాస్కా రెండే కొన్నిటిని కాంగ్రెస్ నియోజకవర్గాలవారీగా పంచుతాయి. 2024లో టెక్సాస్‌లో ట్రంప్‌కి సుమారు 64 లక్షల ఓట్లు, హారిస్‌కి 48 లక్షలు వచ్చాయి. 40 ఎలక్టోరల్ ఓట్లూ ట్రంప్‌కే వెళ్లాయి. ఆ 48 లక్షల మంది ఇంట్లో పడుకున్నా ఫలితం అదే. కాలిఫోర్నియాలో ట్రంప్‌కి ఓటేసిన 60 లక్షల మందిదీ ఇదే కథ. 2020లో ఆయనకి టెక్సాస్‌లో కంటే కాలిఫోర్నియాలోనే ఎక్కువ ఓట్లు పడ్డాయి. ఒక్క ఎలక్టోరల్ ఓటు కూడా రాలేదు. నేను ఎవరికి వేశానన్నది ఈ పోస్టుకి అనవసరం. అటువాళ్లయినా ఇటువాళ్లయినా దీనివల్ల నష్టపోతున్నారు, నా బాధ అది.

ఎవరు గెలుస్తారో ముందే తెలిసిన రాష్ట్రంలో ప్రచారానికి డబ్బు ఎందుకు ఖర్చు పెడతారు? 2024లో ఇరుపక్షాలూ పెన్సిల్వేనియా, మిషిగన్, విస్కాన్సిన్, జార్జియా, నార్త్ కరోలినా, అరిజోనా, నెవాడా అనే ఏడు రాష్ట్రాల చుట్టూనే తిరిగాయి. టెక్సాస్‌లో ఉండే ఎలాన్ మస్క్ పిటిషన్ మీద సంతకం పెట్టినవాళ్లకి రోజుకి పది లక్షల డాలర్లు ఇస్తానన్నప్పుడు కూడా అది ఈ ఏడు రాష్ట్రాల్లో రిజిస్టరైన ఓటర్లకే. సొంత రాష్ట్రం ఓటరు ఆయన లెక్కలో లేడు.

టెక్సాస్‌కి అసలు ఎవరూ రాలేదా అంటే, వచ్చారు. అక్టోబరు 25న ఇద్దరూ వచ్చారు. హారిస్ హ్యూస్టన్‌లో బియాన్సేతో కలిసి సభ పెట్టి, అబార్షన్ మీద ఇక్కడి నిషేధం గురించి మాట్లాడారు. ట్రంప్ ఆస్టిన్‌లో సరిహద్దు గురించి మాట్లాడి, జో రోగన్‌తో పాడ్‌కాస్ట్ రికార్డు చేశారు. ఆ రోజు నాకు చాలా సంతోషమేసింది, మనల్ని కూడా గుర్తుపెట్టుకున్నారనుకున్నాను. తర్వాత వార్తలు చదువుతుంటే అర్థమైంది. ఇద్దరూ వచ్చింది మా ఓటు కోసం కాదు. ఒకరికి అబార్షన్ చట్టం చూపించడానికి, ఇంకొకరికి సరిహద్దు చూపించడానికి టెక్సాస్ ఒక వేదిక. ట్రంప్ ఇక్కణ్ణుంచి నేరుగా మిషిగన్ వెళ్లారు. హారిస్ మర్నాడు మిషిగన్‌లోనే ఉన్నారు. మా నేల మీద నిలబడి, మా కష్టాలు చెప్పి, మిషిగన్ వాళ్లని ఓటు అడిగారు. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇది అభిమానానికి, అలకకి సంబంధించిన విషయమే అయితే ఇంత రాసేదాన్ని కాదు. ఏ రాష్ట్రాలు కీలకమో దాన్నిబట్టి దేశం మొత్తానికి విధానాలు తయారవుతున్నాయి. 2024 జూన్‌లో ట్రంప్ లాస్ వేగాస్‌లో నిలబడి, టిప్పుల మీద పన్ను తీసేస్తానన్నారు. రెండు నెలలకి హారిస్ కూడా అదే లాస్ వేగాస్‌లో అదే మాటన్నారు. హోటళ్లలో, కాసినోల్లో టిప్పుల మీద బతికేవాళ్లు నెవాడాలో ఎక్కువ, నెవాడా స్వింగ్ స్టేట్, అంటే ఎటువైపైనా మొగ్గగల రాష్ట్రం. మరుసటి ఏడాది అది కొన్ని పరిమితులతో చట్టంలోకి ఎక్కింది. టిప్పులు తీసుకునేవాళ్లకి మేలు జరగడం నాకూ సంతోషమే. కానీ గోదాముల్లో పార్శిళ్లు మోసేవాళ్లు, ముసలివాళ్లకి ఇళ్లల్లో సేవ చేసేవాళ్లు కూడా అంతే జీతంతో బతుకుతున్నారు. వాళ్ల పేరు మొదట ఎవరికీ ఎందుకు తట్టలేదు?

యూఎస్ స్టీల్ సంగతి చూడండి. జపాన్ కంపెనీ నిప్పన్ స్టీల్ దాన్ని కొనడానికి వస్తే, ప్రచారంలో ట్రంప్, హారిస్ ఇద్దరూ అది కుదరదన్నారు. ఆ కంపెనీ హెడ్డాఫీసు పిట్స్‌బర్గ్‌లో, అంటే పెన్సిల్వేనియాలో. ఎన్నికలైపోయాక, 2025 జూన్‌లో ప్రభుత్వానికి కొన్ని అధికారాలు ఉండేలా ఒప్పందం రాయించుకుని అదే ట్రంప్ ఒప్పుకున్నారు. అది మంచి నిర్ణయమా చెడ్డదా అన్న చర్చలోకి నేను వెళ్లను. ఆ ఉక్కు ఫ్యాక్టరీ ఓక్లహోమాలో ఉండి ఉంటే ఇద్దరు అభ్యర్థులూ దాని గురించి అన్ని సభల్లో మాట్లాడేవాళ్లా?

మన ఇళ్లల్లో అసలు సమస్య గ్రీన్ కార్డు. ఏ ఒక్క దేశానికీ ఏడాదికి 7 శాతం మించి ఇవ్వకూడదన్న పరిమితి వల్ల మనవాళ్లు ఎన్నేళ్లు ఆగుతున్నారో మీకు నేను చెప్పక్కర్లేదు. టెక్సాస్‌లో ఇంతమంది తెలుగువాళ్లం ఉన్నాం, ఫ్రిస్కోలో ఒక్క వీధి తిరిగినా ఎన్నో కుటుంబాలు కనబడతాయి. దీని గురించి మమ్మల్ని అడిగినవాళ్లు లేరు. మా చెల్లి దగ్గరికి వచ్చినవాళ్లు కూడా గట్టి మాటేమీ ఇవ్వలేదట. కానీ గుమ్మంలో నిలబడి పది నిమిషాలు విన్నారు, కాగితం మీద రాసుకున్నారు. ఆ పది నిమిషాలు మాకెవరూ ఇవ్వలేదు.

మా ఆఫీసులో ఒక పెద్దాయనతో దీని గురించి మాట్లాడితే, "ఇది రాజ్యాంగం పెట్టిన పద్ధతి, చిన్న రాష్ట్రాలని కాపాడటానికి" అన్నారు. ఆయన మీద నాకు గౌరవం ఉంది, కానీ ఆ మాట నిజం కాదు. గెలిచినవాళ్లకే రాష్ట్రం మొత్తం అన్న రూలు రాజ్యాంగంలో లేదు. ఎలక్టర్లని, అంటే ఆ ఎలక్టోరల్ ఓట్లు వేసేవాళ్లని, ఎలా ఎంపిక చెయ్యాలో రాష్ట్రాల శాసనసభలే తేల్చుకోవాలని మాత్రమే అందులో ఉంది. 1800లో వర్జీనియా ఈ పద్ధతికి మారింది, తమ రాష్ట్రపు అభ్యర్థి జెఫర్సన్‌కి ఓట్లు చీలిపోకుండా ఉండాలని. ఒక రాష్ట్రం మారితే, తమ పార్టీ బలం తగ్గిపోతుందన్న భయంతో మిగతావి కూడా మారుతూ వచ్చాయి. 1836 వచ్చేసరికి సౌత్ కరోలినా తప్ప అన్నీ ఇదే దారి పట్టాయి. పార్టీల లెక్కలతో వచ్చిన రూలు ఇది. ఎలక్టోరల్ కాలేజీ అనే ఈ ఎలక్టర్ల పద్ధతి పుట్టుకలో కూడా బానిసత్వం నీడ ఉంది. ప్రజలే నేరుగా ఎన్నుకుంటే ఓటు లేని బానిసలు ఎక్కువున్న దక్షిణాది రాష్ట్రాలకి పట్టు ఉండదని రాజ్యాంగ రచయితల్లో ఒకరైన మాడిసన్ 1787లో స్వయంగా రాజ్యాంగ సభలో అన్నారు.

ఇక చిన్న రాష్ట్రాల సంగతి. వయోమింగ్‌లో రెండు లక్షల మందికి ఒక ఎలక్టోరల్ ఓటు ఉంటే, టెక్సాస్‌లో ఏడు లక్షలు దాటిన జనానికి ఒకటి. అంత బలం ఉన్నా వయోమింగ్‌కి ప్రచారానికి ఎవరు వెళ్తున్నారు? వెర్మాంట్‌కి, రోడ్ ఐలండ్‌కి ఎవరు వెళ్తున్నారు? ఈ పద్ధతి కాపాడుతున్నది గెలుపోటములు సరిసమానంగా ఉన్న రాష్ట్రాలని. అందులో పెన్సిల్వేనియా లాంటి పెద్దవే ఎక్కువ.

"నీ పార్టీ ఓడింది కాబట్టి ఏడుస్తున్నావు" అనేవాళ్లకి ఒక మాట. 2000లో ఫ్లోరిడాలో 537 ఓట్ల తేడాతో, దేశం మొత్తంమీద 5 లక్షల ఓట్లు వెనకబడిన బుష్ గెలిచారు. 2016లో 28 లక్షల ఓట్లు ఎక్కువొచ్చిన హిల్లరీ ఓడిపోయారు. ఇవి అందరూ చెప్పేవే. 2004 గురించి ఎవరూ మాట్లాడరు. ఆ ఏడాది రిపబ్లికన్ బుష్‌కి దేశంలో 30 లక్షల ఆధిక్యం ఉంది. ఒహాయోలో ఒక 60 వేల మంది అటు నుంచి ఇటు మారి ఉంటే డెమొక్రాట్ కెర్రీ ప్రెసిడెంటు అయ్యేవారు. ఈ కత్తికి రెండువైపులా పదునే. 2024లో ట్రంప్ మొత్తం ఓట్లలోనూ గెలిచారు, ఎలక్టోరల్ ఓట్లలోనూ గెలిచారు. ఫలితం మీద తగువు లేదు కాబట్టి, పద్ధతి గురించి మాట్లాడుకోవడానికి ఇదే సరైన సమయం.

నాన్నతో ఇదంతా చెబితే, "మన దగ్గర మాత్రం ఏముందమ్మా, 39 శాతం ఓట్లొచ్చిన పార్టీకి 175లో 11 సీట్లొచ్చాయి" అన్నారు. నిజమే. ఆ జబ్బు మనకీ ఉంది. కానీ మన దగ్గర అది శాసనసభలో. ఇక్కడ దేశానికంతటికీ ఒకే ఒక్క మనిషిని ఎన్నుకునేచోట ఉంది, అందుకే నాకు ఇంకా అన్యాయంగా అనిపిస్తుంది.

రెండో సమస్య రెండే పార్టీలు. 1992లో ఏ పార్టీకీ చెందని రాస్ పెరోకి దాదాపు 19 శాతం ఓట్లొచ్చాయి. ఎలక్టోరల్ ఓట్లు సున్నా. 2000లో 537 ఓట్లతో తేలిన అదే ఫ్లోరిడాలో మూడో అభ్యర్థి రాల్ఫ్ నాడర్‌కి 97 వేల ఓట్లొచ్చాయి, అప్పటినుంచి మూడో మనిషికి ఓటేద్దామనుకునే ప్రతివాళ్లనీ ఆ పేరు చెప్పి భయపెడుతున్నారు. దాంతో మనకి నచ్చినవాళ్లకి కాక, మనకి భయం వేసినవాళ్లకి ఎదురుగా ఓటేస్తున్నాం. పార్టీలకి ఇది బాగా తెలుసు. నేనొస్తే ఏం చేస్తానో చెప్పే యాడ్ కంటే, వాడొస్తే ఏమవుతుందో చెప్పే యాడ్ చవకగా పనిచేస్తుంది. మా చెల్లి ఇంటికి వచ్చిన కరపత్రాలన్నీ అది ఒకరోజు టేబుల్ మీద పరిచి ఫొటో పంపింది. దాదాపు అన్నిట్లోనూ అవతలి అభ్యర్థి ముఖమే, నలుపు తెలుపుల్లో.

దీనికి మందు కూడా మా చెల్లి రాష్ట్రంలోనే కొంత ఉంది. జార్జియాలో సెనేట్‌కి ఎవరికీ 50 శాతం దాటకపోతే, మొదటి ఇద్దరి మధ్య మళ్లీ ఎన్నిక పెడతారు. 2022 డిసెంబరులో వార్నాక్, వాకర్‌ల మధ్య అలాగే జరిగింది. మళ్లీ పోలింగ్ పెట్టడం ఖర్చు అనుకుంటే, ఓటరు 1, 2, 3 అని వరుస రాసే పద్ధతి ఉంది. మొదటి లెక్కలో ఎవరికీ సగం దాటకపోతే చివర్లో ఉన్నవాళ్లని తీసేసి, వాళ్ల ఓటర్ల రెండో ఎంపికని లెక్కలోకి తీసుకుంటారు. మేన్‌లో 2020లో ప్రెసిడెంటు ఎన్నికకే ఇది వాడారు, అలాస్కాలో 2024లో వాడారు. అప్పుడు నచ్చిన మనిషికి 1 రాసి, సర్దుకుపోగలిగే మనిషికి 2 రాస్తాం. అభ్యర్థి కూడా అవతలివాళ్ల ఓటర్ల దగ్గర రెండో స్థానం అడగాలి కాబట్టి నోరు అదుపులో పెట్టుకోవాలి. ఇది అందరికీ నచ్చిందని చెప్పను. 2024లో కొలరాడో, నెవాడా, ఐడహో, ఓరెగన్ ఓటర్లు దీన్ని తిరస్కరించారు. అలాస్కాలో రద్దు చేద్దామన్న ప్రతిపాదన వెయ్యి ఓట్ల లోపు తేడాతో ఓడిపోయింది. జనానికి ఓపిగ్గా అర్థమయ్యేలా చెప్పాల్సిన పని చాలా మిగిలి ఉంది.

దేశమంతా ఒకే లెక్క కావాలంటే ఒక దారి రాజ్యాంగ సవరణ. 1969లో ప్రతినిధుల సభ 338-70తో నేరుగా ఎన్నిక జరిగే సవరణని పాస్ చేసింది. నిక్సన్ కూడా సరేనన్నారు. సెనేట్‌లో కొందరు చర్చ సాగదీసి సాగదీసి 1970లో దాన్ని చంపేశారు. ఎంత దగ్గరికి వచ్చి పోయిందో తలచుకుంటే కడుపు రగులుతుంది. ఇవాళ సవరణకి కావాల్సిన 38 రాష్ట్రాలు ఒప్పుకోవడం కల్ల. రెండో దారి రాష్ట్రాల ఒప్పందం: మొత్తం 270 ఎలక్టోరల్ ఓట్లున్న రాష్ట్రాలు చేరాక, అవన్నీ తమ ఎలక్టర్లని దేశంలో ఎక్కువ ఓట్లొచ్చినవాళ్లకే ఇస్తాయి. 2024లో మేన్ చేరాక లెక్క 209కి వచ్చింది. దీన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను, కానీ రెండు భయాలు ఉన్నాయి. చేరినవి ఇంచుమించు అన్నీ డెమొక్రాట్ల చేతిలో ఉన్న రాష్ట్రాలే, అందుకని ఇది ఒక పార్టీ పథకంలా కనబడుతోంది. ఇంకోటి, ఇందులో 50 శాతం దాటాలన్న షరతు లేదు. నలుగురు పోటీ చేస్తే 35 శాతంతో కూడా గెలవొచ్చు. వరుస ఓటు దీనికి జతకాకపోతే పని సగమే అవుతుంది.

టెక్సాస్ శాసనసభ రెండేళ్లకోసారి కూర్చుంటుంది, తర్వాతి సమావేశాలు 2027 జనవరిలో. నా రాష్ట్ర ప్రతినిధి ఎవరో మొన్నటిదాకా నాకూ తెలియదు. కనుక్కుని, ఈ ఒప్పందంలో టెక్సాస్‌ని చేర్చమని ఒక పేజీ ఉత్తరం రాశాను. రిపబ్లికన్ ప్రతినిధికి రాశాను కాబట్టి 2004 ఒహాయో లెక్క మొదటి పేరాలోనే పెట్టాను. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్‌లలో ఉన్నవాళ్లు ఎవరికైనా ఆ ఉత్తరం కావాలంటే ఇన్‌బాక్స్‌లో అడగండి, పంపుతాను. పేరు, అడ్రసు మార్చుకుని, మీ మాటల్లో ఒక పేరా కలిపి పంపండి.