కమిట్ కొట్టిన ఇమేజ్‌లో ఏముందో ఆర్నెల్ల తర్వాత మీకే తెలియదు

సొంత సర్వర్‌లో డాకర్‌తో వెబ్ యాప్‌లు నడుపుకునేవాళ్ల మధ్య ఒక సలహా తెగ తిరుగుతోంది. (డాకర్‌లో ఇమేజ్ అంటే యాప్‌నీ దానికి కావాల్సిన ఫైళ్లనీ కలిపి కట్టిన మూట, దాన్ని నడిపితే అది కంటైనర్.) దాని సారాంశం ఇది: డాకర్‌ఫైల్ (ఇమేజ్‌ని ఎలా కట్టాలో లైన్ లైన్‌గా చెప్పే ఫైల్) రాయడం పెద్ద కంపెనీల తంతు, మనకి అంత అక్కర్లేదు. నడుస్తున్న కంటైనర్‌లోకి ఎగ్జెక్ కమాండ్‌తో దూరి, కావాల్సిన ప్యాకేజీలు వేసుకుని, డాకర్ కమిట్ కొడితే, అంటే లోపల మార్చినవాటిని కొత్త ఇమేజ్‌గా దాచేస్తే, సొంత ఇమేజ్ రెడీ. పాస్‌వర్డ్ ఫైల్ పొరపాటున లోపలికి వెళ్తే తర్వాత డిలీట్ చేస్తే సరి. ఇమేజ్ వెర్షన్ చెప్పే ట్యాగ్‌ని లేటెస్ట్ అని పెట్టుకుంటే అప్‌డేట్లు వాటంతటవే వస్తాయి. బేస్‌కి, అంటే ఇమేజ్ అడుగున ఉండే లినక్స్‌కి, ఎప్పుడూ అల్పైనే, చిన్నది కాబట్టి.

అయిదు నిమిషాల్లో పని అయిపోతుందని ఇందులో ఊరిస్తారు. అయిపోతుంది కూడా, అబద్ధం కాదు. తంటా అంతా ఆ యాప్‌కి కొత్త వెర్షన్ వచ్చిన రోజున మొదలవుతుంది.

ముందు కమిట్ సంగతి, ఎందుకంటే ఇందులో నేనే వేలు కాల్చుకున్నాను. స్కాన్ చేసిన కాగితాలు దాచుకోడానికి పేపర్‌లెస్ ఎన్‌జీఎక్స్ పెట్టుకున్నాను. అందులో తెలుగు అక్షరాలు గుర్తుపట్టడం రాదు, దాని ఓసీఆర్ (బొమ్మలోంచి అక్షరాలు చదివే) ప్రోగ్రామ్ టెసరాక్ట్‌కి తెలుగు డేటా కావాలి. లోపలికి దూరి, ప్యాకేజీలు వేసే ఆప్ట్ కమాండ్‌తో టెసరాక్ట్ ఓసీఆర్ టెల్ (టెల్ అంటే తెలుగు) అనే ప్యాకేజీ వేశాను, పనిలో పనిగా రెండు మూడు సెట్టింగ్ ఫైళ్లు కెలికాను, కమిట్ కొట్టి దానికి ఫైనల్ అని పేరు పెట్టాను. రెండు వారాలకి ఫైనల్2 కూడా పుట్టింది. కొన్ని నెలలు హాయిగా నడిచింది. తర్వాత కొత్త వెర్షన్‌కి మారదామని కూర్చుంటే, నేను ఏం మార్చానో నాకే గుర్తులేదు. డాకర్ హిస్టరీ కమాండ్ ఇస్తే, ఆ కమిట్‌కి ఒకే ఒక్క లైన్ వచ్చింది, అందులో ఉన్నది కంటైనర్ మొదలయ్యే కమాండ్ మాత్రమే. నేను లోపల కొట్టిన ఒక్క కమాండ్ కూడా లేదు. డాకర్ డిఫ్‌తో మారిన ఫైళ్ల జాబితా అయినా చూద్దామంటే దానికి పాత కంటైనర్ ఉండాలి, దాన్ని ఎప్పుడో తీసేశాను. ఓ సాయంత్రమంతా రెండు ఇమేజ్‌లని పక్కపక్కన విప్పి ఫైళ్లు పోల్చుకుంటూ గడిపాను.

అదే పనికి డాకర్‌ఫైల్ రెండు లైన్లు. మొదటిది ఫ్రమ్, అధికారిక ఇమేజ్ పేరు, వెర్షన్ నంబరుతో సహా. రెండోది రన్, అందులో ఆప్ట్ గెట్ అప్‌డేట్, ఇన్‌స్టాల్ రెండూ ఒకే లైన్లో. వేర్వేరు లైన్లలో రాస్తే అప్‌డేట్ లైన్ క్యాష్‌లో (పాత బిల్డ్ ఫలితాలు దాచుకునే చోట) ఉండిపోతుంది, కొన్ని నెలల తర్వాత ఇన్‌స్టాల్ లైన్‌కి ఇంకో ప్యాకేజీ చేర్చినప్పుడు పాత జాబితా పట్టుకుని వెతికి, ఫైల్ దొరకలేదని 404 కొడుతుంది. ఇమేజ్ మామూలు యూజర్‌గా నడిచే రకమైతే ప్యాకేజీలు వేసే అధికారం కోసం మధ్యలో యూజర్ రూట్ అని రాసి, పని అవగానే మళ్లీ పాత యూజర్‌కి మార్చాలి. అంతే. కొత్త వెర్షన్ వస్తే మొదటి లైన్లో నంబరు మార్చి బిల్డ్ కొట్టడమే.

నవ్వొచ్చే విషయం ఏమిటంటే, నాకు ఆ రెండు లైన్లు కూడా అవసరం లేదని తర్వాత తెలిసింది. పేపర్‌లెస్ ఓసీఆర్ లాంగ్వేజెస్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో (కంటైనర్‌కి బయటి నుంచి ఇచ్చే సెట్టింగ్‌లో) టెల్ అని పెడితే, కంటైనర్ లేచేటప్పుడు ఆ ప్యాకేజీని అదే వేసుకుంటుంది. కంటైనర్ కొత్తగా తయారైన ప్రతిసారీ నెట్ ఉండాలి, లేవడం కాస్త ఆలస్యం, అదొక్కటే ఇబ్బంది. సొంత ఇమేజ్ కట్టే ముందు యాప్ డాక్యుమెంటేషన్‌లో వేరియబుల్స్ పేజీ ఒకసారి చదవండి, సగం సార్లు కట్టే పనే తప్పుతుంది.

కమిట్‌లో ఇంకో పేచీ ఉంది, దాని గురించి ఎవరూ చెప్పరు. కమిట్ ఫైళ్లతో పాటు కంటైనర్ కాన్ఫిగరేషన్‌ని కూడా ఇమేజ్‌లోకి ఎక్కిస్తుంది. అంటే కంపోజ్ ఫైల్‌లో (కంటైనర్లని ఎలా నడపాలో చెప్పే ఫైల్‌లో) ఎన్విరాన్‌మెంట్ కింద మీరు ఇచ్చిన డేటాబేస్ పాస్‌వర్డ్ కూడా. డాకర్ ఇన్‌స్పెక్ట్ కొట్టి చూడండి, ఎన్వ్ అన్న చోట పచ్చిగా కనబడుతుంది. ఆ ఇమేజ్‌ని ఫ్రెండ్‌కి పంపితే పాస్‌వర్డ్ పంపినట్టే. పోనీ మీ డేటా అయినా వస్తుందా అంటే, వాల్యూమ్‌లో (కంటైనర్‌కి బయట డేటా దాచే చోట) ఉన్నదేదీ రాదు. దాచాల్సింది ఎక్కుతుంది, కావాల్సింది ఎక్కదు. కమిట్‌నే బ్యాకప్ అనుకుని కూర్చున్నవాళ్లకి ఇది మామూలు దెబ్బ కాదు.

వాల్యూమ్ మాట వచ్చింది కాబట్టి, డాకర్‌ఫైల్ రాసేవాళ్లు కూడా తప్పించుకోలేని ఉచ్చు ఒకటి చెప్తాను. ఫైళ్లు దాచుకునే యాప్ నెక్స్ట్‌క్లౌడ్ అధికారిక ఇమేజ్ తీసుకుని, మీ ఫైల్‌ని వార్ కింద డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ, దానికింద హెచ్‌టీఎంఎల్ ఫోల్డర్‌లోకి కాపీ లైన్‌తో పెట్టారనుకోండి. బిల్డ్ సక్సెస్. నడిపితే ఫైల్ కనబడదు. ఎందుకంటే నడిచేటప్పుడు ఆ ఫోల్డర్ మీద వాల్యూమ్ వచ్చి కూర్చుంటుంది, మీరు పెట్టింది దాని అడుగున ఉండిపోతుంది. ఆ ఇమేజ్ అసలు కోడ్‌ని యూఎస్ఆర్ ఫోల్డర్ కింద ఎస్ఆర్‌సీలో దాచిపెట్టి, కంటైనర్ లేచేటప్పుడు వెర్షన్ మారిందో లేదో చూసి, మారితేనే వాల్యూమ్‌లోకి దించుతుంది. పేరున్న వాల్యూమ్ మొదటిసారి ఖాళీగా ఉంటే ఇమేజ్‌లోని ఫైళ్లతో నిండే మాట నిజమే, కానీ ఆ ఒక్కసారే. అందుకే మొదటి బిల్డ్‌లో పనిచేసింది రెండో బిల్డ్‌లో మారదు, మనం క్యాష్‌ని తిట్టుకుంటూ కూర్చుంటాం.

ఇక "డిలీట్ చేస్తే సరి" అనే మాట. ఇమేజ్ అంటే పొరలు. ఒక పొరలో పడ్డ ఫైల్‌ని పై పొర తుడిపెయ్యలేదు, కనబడకుండా కప్పుతుందంతే. నమ్మకం లేకపోతే ఓ డమ్మీ పాస్‌వర్డ్ ఫైల్‌ని కాపీ చేసి, కింది రన్ లైన్లో తీసేసి, డాకర్ సేవ్‌తో ఆ ఇమేజ్‌ని టార్ ఫైల్‌గా తీసి విప్పండి. ఒక పొరలో మీ పాస్‌వర్డ్ ఫైల్ చెక్కుచెదరకుండా ఉంటుంది. దాని పై పొరలో అదే పేరుకి ముందు డాట్ డబ్ల్యూహెచ్ డాట్ తగిలించిన ఖాళీ ఫైల్ ఉంటుంది, ఆ ఖాళీ ఫైలే మీ డిలీట్. సైజు లెక్కా ఇంతే: 200 ఎంబీ ఫైల్ ఒక లైన్లో తెచ్చి ఇంకో లైన్లో తీసేస్తే ఇమేజ్ ఆ 200 ఎంబీని మోస్తూనే ఉంటుంది. పాస్‌వర్డ్‌ని ఆర్గ్ (బిల్డ్ అప్పుడు ఇచ్చే వేరియబుల్) ద్వారా ఇచ్చినా రన్ లైన్లో వాడితే హిస్టరీలో బయటపడుతుంది. డాకర్‌లో ఇమేజ్‌లు కట్టే భాగమైన బిల్డ్‌కిట్‌లో సీక్రెట్ మౌంట్ ఉన్నది ఇందుకే, అది ఆ ఒక్క రన్ లైన్ నడిచినంతసేపే ఉంటుంది, పొరలోకి ఎక్కదు. డాకర్ ఇంజిన్ 23 నుంచి లినక్స్‌లో మామూలు బిల్డ్‌కి బిల్డ్‌కిటే డిఫాల్ట్, విడిగా ఆన్ చేసుకోవాల్సిన పని లేదు. డాట్ గిట్, డాట్ ఎన్వ్ పేర్లు డాకర్‌ఇగ్నోర్ ఫైల్‌లో పెట్టుకుంటే అసలు లోపలికే రావు.

లేటెస్ట్ అనేది ఒక పేరు, అంతే. ట్యాగ్ రాయకపోతే డాకర్ తగిలించే పేరు. కంపోజ్ అప్ కొట్టినప్పుడు ఆ పేరుతో ఇమేజ్ మీ మెషీన్‌లో ఉంటే కొత్తది తెచ్చుకోదు, పుల్ విడిగా కొట్టాలి. కాబట్టి "వాటంతటవే" అన్నది తప్పు. నిజంగా వస్తే ఇంకా ప్రమాదం. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కి లేటెస్ట్ పెట్టుకుని 16 నుంచి 17కి జారితే, డేటా ఫోల్డర్ పాత వెర్షన్‌ది, నాకు పనికిరాదని చెప్పి సర్వర్ ఆగిపోతుంది. 18 ఇమేజ్‌లోనైతే డేటా ఉండే దారే మార్చారు. నెక్స్ట్‌క్లౌడ్ మేజర్ వెర్షన్లని ఒక్కొక్కటిగానే ఎక్కాలి, రెండు మెట్లు ఒకేసారి దూకనివ్వదు. వెర్షన్ నంబరు రాసుకోండి.

అల్పైన్ మీద నాకేం కోపం లేదు. గో లాంటి భాషలో రాసి ఒకే బైనరీగా వచ్చే యాప్‌కి బ్రహ్మాండం. కానీ ప్రోగ్రామ్‌లు ఆధారపడే సీ లైబ్రరీ అందులో జీలిబ్‌సీ కాదు, మసిల్. పైథాన్ యాప్‌కి ఏదో ఒక ప్యాకేజీకి మసిల్ వీల్ (ముందే కంపైల్ చేసి పెట్టిన ప్యాకేజీ) లేకపోతే పైథాన్ ఇన్‌స్టాలర్ పిప్ సోర్స్ నుంచి కంపైల్ చేయడం మొదలుపెడుతుంది, దానికోసం మీరు కంపైలర్ ఎక్కిస్తారు, ఇమేజ్ కాస్తా డెబియన్ స్లిమ్ అనే ఇంకో బేస్ మీద కట్టినదానికంటే లావవుతుంది. పైగా డెబియన్ బేస్ మీద నాలుగు ఇమేజ్‌లు ఉంటే, అందరిదీ అదే బేస్ అయినప్పుడు ఆ పొర డిస్క్‌లో ఒక్కసారే ఉంటుంది. మిగిల్చింది ఎంత?

ఎగ్జెక్‌తో దూరి ప్రయోగాలు చేయడం తప్పని నేననను, నేనూ రోజూ చేస్తాను. పనిచేసిన కమాండ్‌ని అప్పటికప్పుడు డాకర్‌ఫైల్‌లోకి ఎక్కించి ఆ కంటైనర్‌ని పీకేస్తాను. కమిట్ కూడా ఒక్క చోట వాడతాను: ఏదో యాప్ అర్ధరాత్రి వింతగా చెడిపోయి, రీస్టార్ట్ చేసేముందు దాని స్థితిని పట్టుకుని తీరిగ్గా చూడాలనుకున్నప్పుడు. చూడటం అయిపోగానే ఆ ఇమేజ్ కూడా పోతుంది.