పిప్ తరఫున వకాల్తా

ముందు నా తప్పు ఒప్పేసుకుంటాను. పుస్తకాన్ని పేరు చూసి కొన్నాను. గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్. ఇంటర్ రెండో ఏడాది చదువుతున్న కూతురున్న ఏ తండ్రయినా ఆ పేరు చూసి ఏమనుకుంటాడు? తెల్లవారుజామున నాలుగింటికి ఎలా లేవాలి, ర్యాంకు ఎలా కొట్టాలి లాంటి పర్సనాలిటీ డెవలప్‌మెంట్ సరుకనుకున్నాను. రాసింది డికెన్స్ కాబట్టి ఇంగ్లీషు కూడా మెరుగుపడుతుంది, ఒకే దెబ్బకు రెండు పిట్టలు.

మా అమ్మాయి ఫిజిక్స్ గైడు కింద పెట్టుకుని మరీ వారంలో చదివేసింది. చదివినది ఊరుకోవచ్చు కదా, అన్నం తింటూ అడిగింది: "నాన్నా, పిప్ వాళ్ళ బావని అలా చూడటం తప్పు కదా?" నాకు టెన్షన్ మొదలైంది. పుస్తకం లాక్కుని నేనే మొదలుపెట్టాను. 59 అధ్యాయాలు, సగం మెట్రోలో, సగం ఆఫీసు మీటింగుల్లో కెమెరా ఆపేసి. బాధ్యతగల పౌరుడిగా చెబుతున్నాను, ఈ నవల ఎదిగే పిల్లల చేతికి ఇవ్వదగింది కాదు.

చదవనివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో. ఇంగ్లండులో కెంట్ ప్రాంతం, నది ఒడ్డున చిత్తడి నేలలు. అమ్మా నాన్నా లేని పిప్‌ని అక్క పెంచుతుంది, ఎక్కువగా బెత్తంతో. అక్క మొగుడు జో ఊళ్ళో కమ్మరి. చదువు రాదు, మనసు వెన్న. పిప్ ఒక క్రిస్మస్ పూట, తప్పించుకొచ్చిన ఖైదీకి భయపడి ఇంట్లోంచి తిండీ, బావ షాపులోంచి ఆకురాయీ దొంగిలించి ఇస్తాడు. తరవాత కొన్నాళ్ళకి మిస్ హావిషామ్ అనే డబ్బున్నావిడ ఇంటికి ఆడుకోవడానికి పంపిస్తారు. అక్కడ ఎస్టెల్లా అనే పిల్ల వీడి చేతులు మొరటుగా ఉన్నాయనీ, బూట్లు లావుగా ఉన్నాయనీ, పేకముక్కని గొప్పవాళ్ళు అన్నట్టు 'నేవ్' అనకుండా 'జాక్' అంటున్నాడనీ నవ్వుతుంది.

అంతే, పిప్ జీవితం మారిపోయింది. మారదా మరి? తెలుగు మీడియం నుంచి పట్నం కాలేజీకి వచ్చి 'zero'ని 'జీరో' అన్నందుకే వెనక బెంచీ నవ్వులు విన్న నాలాంటివాడికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

కొన్నేళ్ళకి జాగర్స్ అనే లాయరు దిగుతాడు. పిప్‌కి ఆస్తి రాబోతోంది, లండన్ వెళ్ళి జెంటిల్‌మన్ కావాలి, డబ్బిచ్చేవాళ్ళ పేరు మాత్రం అడగకూడదు. షాపులో చేతికింద పనివాణ్ణి కోల్పోతున్నందుకు నష్టపరిహారం ఇస్తానంటే జో వద్దంటాడు. ఇక్కడే నవల మీద నా మొదటి అభ్యంతరం. ఇస్తానన్న డబ్బు వద్దనేవాణ్ణి మంచివాడిగా చూపిస్తే పిల్లలు రేపు శాలరీ నెగోషియేషన్ ఎలా చేస్తారు?

ఇక లండన్లో పిప్ ఖర్చుల మీద పాఠకులందరూ పడి ఏడుస్తారు. నాకైతే గౌరవం కలిగింది. ఒక కుర్రాణ్ణి పనికి పెట్టుకుని, నీలం కోటూ పసుప్పచ్చ వెయిస్టుకోటూ కుట్టించి, ఆ తరవాత వాడికి చెప్పడానికి పనిలేక, వాడికి తిండి సమకూర్చలేక సతమతమవుతాడు. మా అపార్ట్‌మెంట్‌లో కొన్న ట్రెడ్‌మిల్లులన్నిటి చరిత్ర ఇదే. అప్పులు పెరిగినప్పుడు స్నేహితుడు హెర్బర్ట్‌తో కూర్చుని, మంచి కాగితం తెచ్చి, లెక్కంతా అందంగా రాస్తారు. అప్పు 164 పౌండ్ల చిల్లర తేలితే 'కొంచెం మార్జిన్ వదులుదాం' అని 200 అని వేస్తారు. వేశాక ఆ మార్జిన్ నిండేదాకా మళ్ళీ అప్పు చేస్తారు. క్రెడిట్ కార్డు పుట్టకముందే లిమిట్ పెంచుకోవడం కనిపెట్టిన మేధావిని పట్టుకుని మనం బుద్ధిలేనివాడంటున్నాం.

మిస్ హావిషామ్ సంగతి ఎక్కువ చెప్పను. పెళ్ళి తప్పిపోయిందని గడియారాలన్నీ తొమ్మిదికి ఇరవై నిమిషాల తక్కువ దగ్గర ఆపేసి, ఏళ్ళ తరబడి అదే పెళ్ళిగౌనులో, బూజుపట్టిన కేకు పక్కన కూర్చుంటుంది. ఫంక్షన్ హాలు అడ్వాన్సు తిరిగిరాని వాళ్ళెవరికైనా ఆవిడ బాధ అర్థమవుతుంది.

నాకు నచ్చిన మనిషి వెమ్మిక్, ఆ లాయరు గుమాస్తా. ఆఫీసులో రాయిలా ఉంటాడు, ఉరికి పోబోయే ఖైదీలనుంచి కూడా ఉంగరాలు పుచ్చుకుంటాడు. సాయంత్రం వాల్వర్త్‌లో ఇంటికెళితే వేరే మనిషి. చిన్న చెక్క ఇల్లే, దానికి కోటలా చుట్టూ కందకం, ఎత్తే వంతెన, రాత్రి తొమ్మిదింటికి పేల్చే ఫిరంగి. చెవుడొచ్చిన ముసలి తండ్రి ఆ ఒక్క చప్పుడు విని చిన్నపిల్లాడిలా సంబరపడతాడు. ఇంటి మాట ఆఫీసులో ఎత్తడు, ఆఫీసు మాట ఇంట్లో ఎత్తడు. వర్క్-లైఫ్ బ్యాలెన్స్ మీద మా కంపెనీలో పెట్టిన వర్క్‌షాపులన్నీ కలిపినా ఈ గుమాస్తాకి సరిరావు. కాకపోతే ముసలి తండ్రిని తన దగ్గరే ఉంచుకున్నాడన్న వివరం రచయిత అనవసరంగా ఇరికించాడు.

ఇప్పుడు అసలు నేరారోపణకి వద్దాం. జో లండన్ వస్తాడు. మంచి బట్టలేసుకుని, టోపీ ఎక్కడ పెట్టాలో తెలియక గూటి మీద పెట్టి, అది పడ్డప్పుడల్లా పట్టుకుంటూ, కాసేపు 'పిప్' అనీ కాసేపు 'సార్' అనీ అంటూ. డబ్బిచ్చి ఆయన్ని రాకుండా ఆపగలిగితే ఇచ్చేసేవాణ్ణే అని పిప్ ముందే ఒప్పుకుంటాడు. పాఠకులు ఇక్కడ గుండెలు బాదుకుంటారు. ఎందుకు? నిజం చెప్పాడు. మనం చెబుతున్నామా? మా బావ వచ్చిన రోజు ఇంట్లో ఆఫీసువాళ్ళున్నారు, అంతే. ఆయన్ని లోపలి గదిలో కూర్చోబెట్టింది ఏసీ అక్కడుందని. భోజనం అక్కడికే పంపింది ఆయనకి మొహమాటమని.

తరవాత పిప్ ఊరికెళ్ళినా బావ ఇంట్లో దిగడు, బ్లూ బోర్ అనే సత్రంలో దిగుతాడు. నేను వస్తానని వాళ్ళకి తెలీదు, పక్క వేసి ఉండదు, ఇబ్బంది పెట్టడం ఎందుకని దారంతా తనకి తనే చెప్పుకుంటాడు. ఇందులో తప్పేముందో ఎంత ఆలోచించినా నాకు తోచలేదు. తణుకు వెళితే మేమూ హోటల్లోనే దిగుతాం, వెస్ట్రన్ టాయిలెట్ కోసం.

ఇంతా చేసి డబ్బు పంపింది పిప్ అనుకున్నట్టు మిస్ హావిషామ్ కాదు, ఆ పాత ఖైదీ మాగ్విచ్. ఆస్ట్రేలియాకి పంపించేస్తే న్యూ సౌత్ వేల్స్‌లో గొర్రెలు పెంచి, తను ఎండలో మాడి, ఇక్కడ ఒకణ్ణి జెంటిల్‌మన్ చేశాడు. తిరిగొస్తే ఉరి అని తెలిసీ చూసుకోవడానికి వచ్చాడు. పిప్‌కి కడుపులో దేవినట్టవుతుంది. నేననేదేమిటంటే, అసలు ఈ సంగతి తెలియాల్సిన అవసరం ఏముంది? నా ఇంజనీరింగ్ మూడో ఏడాది ఫీజు మా బావ తన వెల్డింగ్ షాపులో జనరేటర్ అమ్మి కట్టాడని నాకు పెళ్ళయ్యాక తెలిసింది. తెలిసి ఎవరికి లాభం? అప్పటినుంచీ ఆయనకి ఫోన్ చేయడం తగ్గింది.

ముగింపు గురించి ఒక మాట. డికెన్స్ దీన్ని 1860 డిసెంబరు నుంచి 1861 ఆగస్టు దాకా తన వారపత్రికలో సీరియల్‌గా వేశాడు, అందులో నడుస్తున్న ఇంకొకరి సీరియల్ వల్ల అమ్మకాలు పడిపోతున్నాయని. చివర్లో పిప్, ఎస్టెల్లా లండన్ వీధిలో కలిసి ఎవరిదారిన వాళ్ళు వెళ్ళేలా రాసుకుని, బుల్వర్ లిటన్ అనే సాటి రచయిత మాట విని చేతులు పట్టుకునేలా మార్చాడు. ప్రొడ్యూసర్ చెబితే క్లైమాక్స్ మార్చే సంప్రదాయం మనదే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

మార్చినవాడు మార్చాల్సింది మార్చలేదు. 123 పౌండ్ల 15 షిల్లింగుల బాకీకి అరెస్టు చేయడానికి మనుషులొచ్చిన వేళ పిప్ జ్వరంతో పడిపోతాడు. జో వచ్చి నెలల పిల్లాణ్ణి చూసుకున్నట్టు చూసుకుంటాడు. పిప్‌కి నయమయ్యేకొద్దీ జో మళ్ళీ 'సార్' దగ్గరికి వెళ్ళిపోతాడు. ఒక పొద్దున చూస్తే మంచం ఖాళీ, ఒక చీటీ, బాకీ తీర్చిన రసీదు. ఆ పేజీ దగ్గర మా అమ్మాయి కాగితం మడిచి పెట్టింది. పుస్తకాలు అలా మడవకూడదని ఎన్నిసార్లు చెప్పినా వినదు.

అందుకే పుస్తకాన్ని అటక మీద పెట్టేశాను. మన ఊళ్ళలో ఎంతోమంది పొలాలమ్మి, నగలు కుదువపెట్టి పిల్లల్ని పిప్‌లని చేస్తుంటే, పిప్ అవడం సిగ్గుపడాల్సిన పని అంటే ఎలా?

నిన్న రాత్రి ఇది టైపు చేస్తుండగా ఫోన్ మోగింది. స్పీకర్లో పెట్టాను. బావ. రసాలు వచ్చాయట, బస్సులో వేస్తే తెచ్చుకునే తీరిక ఉంటుందా అని. ఒకప్పుడు ఈయన "ఒరేయ్" అంటే వీధి చివరికి వినబడేది. "బిజీగా ఉన్నారేమోనండి" అన్నాడు. గోదావరి జిల్లాల్లో అండి అనేది ఊపిరి తీసినంత మామూలు, దానికి అర్థాలు తీయకూడదని మా అమ్మాయికి చెప్పాను.

అది ఏమీ అనలేదు. పుస్తకం ఎక్కడ దాచావు నాన్నా అని మాత్రం అడిగింది.